‘ఆకలి లేదు టీచర్’ అన్న బాబు

పేరూ ఊరూ బయటపెట్టొద్దని కోరుతూ ఒక టీచర్ గారు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతాను.

ఆవిడ నాలుగో తరగతికి చెబుతారు. ఆ బడిలో భోజనం పెట్టరు, పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుంటారు. క్లాసులో తొమ్మిదేళ్ల బాబు ఒకడున్నాడు. సోమవారం వచ్చిందంటే మొదటి పీరియడ్ నుంచే బల్ల మీద తల వాల్చేస్తాడు. పదకొండయ్యేసరికి కడుపునొప్పి అంటాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే కుళాయి దగ్గరకు వెళ్లి నీళ్లు తాగి, ఓ మూల గోడవైపు తిరిగి కూర్చుని డబ్బా తెరుస్తాడు. మూత నిలబెట్టి, దాని చాటున తింటాడు. ఒకరోజు ఆవిడ వెనక నుంచి వెళ్లి చూస్తే డబ్బాలో ఏమీ లేదు. కడిగి తుడిచిన ఖాళీ డబ్బా. చెయ్యి మాత్రం డబ్బాకీ నోటికీ మధ్య ఆడుతోంది. "ఏం నాన్నా, ఏమీ తెచ్చుకోలేదా?" అంటే "ఆకలి లేదు టీచర్" అన్నాడట.

మర్నాటి నుంచి ఆవిడ రెండు డబ్బాలు తెచ్చారు. రోజూ మధ్యాహ్నం బాబును స్టాఫ్ రూమ్‌కి పిలిచి పెట్టేవారు. మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత పిల్లలు ఆ బాబుకి ‘టీచర్ డబ్బా’ అని పేరు పెట్టారు. అప్పట్నుంచి పిలిచినా రావడం మానేశాడు. ఆ వారంలోనే తల్లి బడికి వచ్చింది. "నా కొడుకు అడుక్కుతింటున్నాడని చెప్పుకుంటున్నారు మేడమ్, మేం అంత గతిలేనివాళ్లలా కనబడ్డామా?" అని నలుగురి ముందూ అడిగి, ఏడ్చి వెళ్లిపోయింది. నాలుగు రోజులకి ఇంకో పిల్లాడి డబ్బా బ్యాగులోంచి మాయమైంది. క్లాసంతా ఈ బాబు వైపే చూసింది. టీచర్ గారు బ్యాగులు మాత్రం వెతికించలేదు. హెడ్మాస్టర్ గారేమో "ఇవాళ ఒకడికి పెడితే రేపు పదిమంది వస్తారు, మనది బడి, సత్రం కాదు" అన్నారు. తోటి టీచర్ ఒకరు చందాలు వసూలు చేసి, సరుకుల సంచులు పంచి, ఫొటోలు తీయిద్దామంటున్నారు.

ఇక ఆవిడ ప్రశ్నలు. "నేను చేసింది తప్పా? ఇలాంటి పిల్లలు ఇంకా ఎంతమంది ఉన్నారో ఎలా కనిపెట్టాలి? ఆ తల్లి మొహం ఎలా చూడాలి? పిల్లల సంరక్షణ చూసే అధికారులకు చెప్పాల్సిన విషయమా ఇది? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, బడికి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది."

సంతకానికి ముందు ఇంకో వాక్యం కూడా ఉంది. "వెనక బెంచీలో కాస్త బొద్దుగా ఉండే పాప ఒకతి సుద్దముక్కలు తింటూ ఉంటుంది, దాన్ని కోప్పడటం తప్పితే క్లాసులో వేరే సమస్యలేమీ లేవు."

టీచర్ గారూ,

మీరు చేసింది తప్పు కాదు. ఆ ఖాళీ డబ్బా చూసి కూడా మర్నాడు మామూలుగా హాజరు పిలిచి పాఠం మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. మీరు రెండో డబ్బా కట్టుకొచ్చారు. ఆ మూడు వారాలు ఆ బాబు కడుపు నిండా తిన్నాడు, అది ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

చిక్కు వచ్చింది మీరు పెట్టిన తిండితో కాదు, పిలుపుతో. రోజూ ఒకే వేళకి, ఒకే పిల్లాడు, అందరూ చూస్తుండగా లేచి స్టాఫ్ రూమ్ దాకా నడవాలి. ఆ నడక ఎంత పొడుగ్గా ఉంటుందో పెద్దవాళ్లకి గుర్తుండదు. ఆ బాబు అంతకుముందు ఏం చేస్తున్నాడో చూడండి. ఖాళీ డబ్బా కడిగి తెచ్చుకుంటున్నాడు, మూత అడ్డం పెట్టుకుంటున్నాడు, తింటున్నట్టు నటిస్తున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని వాడికి ఎవరూ నేర్పలేదు, తొమ్మిదేళ్లకే తెలుసుకున్నాడు. ఆకలి కంటే, ఆకలి బయటపడటం వాడికి పెద్ద కష్టం. మనం ఆకలి తీర్చాం, గుట్టు మాత్రం తీసేశాం. ‘మనం’ అని ఊరికే అనడం లేదు. నేనూ కొన్నేళ్లు పిల్లలకు చదువు చెప్పినదాన్నే, నేనూ ఇలాగే ఒక పాపను పేరు పెట్టి పిలిచాను. ఆ పాప మళ్లీ నా దగ్గర ఏదీ తీసుకోలేదు.

ఎలా కనిపెట్టాలని అడిగారు కదా, ముందు దాని సంగతి చూద్దాం. అందులో నాకో మెలిక కనిపిస్తోంది, అది తర్వాత చెబుతాను.

సన్నగా ఉన్నవాళ్ల కోసం వెతక్కండి. ఇంట్లో తిండి చాలని పిల్లలు చాలామంది చూడటానికి మామూలుగానే ఉంటారు. కొందరు లావుగా కూడా ఉంటారు. చవగ్గా దొరికి కడుపు నింపే తిండి ఎక్కువగా తింటే బరువు పెరుగుతుంది, ఒంటికి కావలసినవి మాత్రం అందవు. పైగా ఒకరోజు ఉండి ఒకరోజు లేని ఇంట్లో పిల్లలు దొరికిన రోజున పట్టనంత తింటారు. ఒంటి తీరు కంటే రోజుల తీరు చూడండి. మీరు సోమవారం అని రాశారు, అది చాలా పెద్ద ఆనవాలు. సెలవుల తర్వాతి రోజులు, ఇంట్లో జీతం చేతికి రాబోయే ముందు రోజులు కూడా గమనించండి. తిండి దగ్గర అవసరానికి మించి తచ్చాడే పిల్లలు, ఇంకెవరూ తినని వేగంతో తినేవాళ్లు, సగం తిని సగం జేబులో దాచుకునేవాళ్లు (ఇంట్లో చెల్లో తమ్ముడో ఉండి ఉంటారు), పక్కవాడి డబ్బా మూత పెడుతుంటే "అది వదిలేస్తావా?" అని అడిగేవాళ్లు, మధ్యాహ్నం ముందు చిరాకుపడి తిన్నాక మామూలైపోయేవాళ్లు. ఆటల పీరియడ్‌లో "కాలు నొప్పి" అని కూర్చుండిపోయే పిల్లలు కూడా. వీళ్లని మనం బద్ధకస్తులు అంటాం.

1907లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో బడి వైద్యాధికారి రాల్ఫ్ క్రౌలీ ఓ నలభైమంది పేద పిల్లలకు కొన్ని నెలలు బడిలోనే రెండు పూటలా తిండి పెట్టించి, వారంవారం తూకం వేశాడు. బరువు పెరుగుతూ వచ్చింది. మధ్యలో పండగ సెలవులొచ్చాయి, బడి తిండి ఆగింది, పిల్లల బరువు పడిపోయింది. గ్రాఫు గీస్తే ఆ సెలవులు గుంటలా కనిపించాయి. మీ దగ్గర తూకం లేకపోయినా పర్లేదు, సోమవారాలు ఉన్నాయి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని తేదీ, చూసింది మాత్రమే రాయండి. "తల వాల్చాడు, 10.40కి కడుపునొప్పి" అని రాయండి, "ఇంట్లో తిండి లేదు" అని రాయకండి. నెల తిరిగేసరికి ఆ పుస్తకమే మాట్లాడుతుంది. అది మీ బల్ల సొరుగులో, తాళంలో ఉండాలి సుమా.

చిరాకు, మతిమరుపు, పాఠం మీద ధ్యాస లేకపోవడం గురించి ఒక మాట. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు ఒక ప్రయోగం కోసం తమంతట తామే ముందుకొచ్చి 24 వారాలు అర్ధాకలితో గడిపారు. పూర్తి పస్తు కాదు, ఒంటికి కావలసినదాంట్లో కోత, అంతే. కొద్ది వారాలకే వాళ్లకి తిండి తప్ప వేరే ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. స్నేహితులతో మాటలు తగ్గాయి, చిన్నదానికీ కోపం వచ్చేది. ఎందుకు ఆకలితో ఉంటున్నారో, అది ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన పెద్దవాళ్లు వాళ్లు. మీ బాబుకి ఆ రెండూ తెలియవు. మెదడు సంగతి కూడా చూడండి. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ల ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు మెదడుకి పోతుంది. నాలుగైదేళ్ల పిల్లల్లో అది సగానికి పైనే. తొమ్మిదేళ్లకి కాస్త తగ్గినా, మనకంటే ఎక్కువే. ఖాళీ కడుపుతో ఎక్కాలు అప్పచెప్పమంటే ఎక్కడి నుంచి తెస్తారు?

అయితే ఆకలిగా కనిపించేదంతా పేదరికం కాదు, ఇక్కడ జాగ్రత్తగా ఉండండి. ఇంటి నుంచి నిండు డబ్బానే వస్తుంటే, దారిలో పెద్ద పిల్లలెవరో లాక్కుంటూ ఉండొచ్చు. పొద్దున లేవడం ఆలస్యమై తినకుండా పరుగెత్తుకొచ్చే పిల్లలుంటారు. నులిపురుగులు ఉండొచ్చు, పేగుల జబ్బు ఉండొచ్చు. ఎంత తిన్నా చిక్కిపోతూ, అస్తమానం దాహం అంటూ, మాటిమాటికీ ఒంటేలుకి లేచే పిల్లలు కనిపిస్తే ఆ రోజే ఇంటికి కబురు పెట్టి డాక్టర్‌కి చూపించమనండి. అది పిల్లల్లో వచ్చే షుగర్ జబ్బు కావచ్చు, దానికి రోజులు ఆగకూడదు. తిండి ఉండి కూడా కావాలని మానేసే పిల్లలు వేరే కోవ, ముఖ్యంగా ఇంకో రెండు మూడేళ్లు పైబడ్డాక. వాళ్లకి డబ్బా ఇస్తే పని జరగదు.

ఇప్పుడు ఆ మెలిక. ‘ఎవరికి నిజంగా ఆకలో ఎలా కనిపెట్టాలి’ అన్నారు మీరు. తిండి పెట్టడానికైతే అది తేల్చాల్సిన పనే లేదు. ఆకలి లేనివాడికి పొరపాటున ఒక పూట పెడితే పోయేది ఒక పూట తిండి. ఆకలిగా ఉన్నవాణ్ణి ‘వీడే’ అని వేలుపెట్టి చూపిస్తే పోయేది మీరు కళ్లారా చూశారు. జబ్బేమో అనే అనుమానానికి, ఇంట్లో హింసేమో అనే అనుమానానికి ఆనవాళ్లు కావాలి, నోటుబుక్కు కావాలి. తిండికి అక్కర్లేదు. ఫిన్లండ్ 1943లో చట్టం చేసి, 1948 నుంచి బడి పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెడుతోంది. ఉన్నవాడూ లేనివాడూ ఒకే బల్ల దగ్గర తింటారు కాబట్టి లేనివాడు ఎవరో తెలియదు. అంత పెద్ద ఏర్పాటు మీ చేతిలో లేదు, నిజమే. చిన్నది ఉంది.

క్లాసులో ఒక అర పెట్టండి. చెడిపోని, విడివిడిగా కట్టిన తినుబండారాలు అందులో ఉంచండి. "ఎవరికి కావాలన్నా తీసుకోవచ్చు, అడగక్కర్లేదు" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. మీరు కూడా అప్పుడప్పుడు ఒకటి తీసుకుని తినండి, దాంతో అది ‘లేనివాళ్ల అర’ కాకుండా పోతుంది. మొదటి వారం అందరూ ఎగబడతారు, ఖాళీ అయిపోతుంది, మీకు గుండె గుభేలుమంటుంది. నేను చూసినంతలో రెండో వారానికి ఆ సరదా తగ్గుతుంది, ఆ తర్వాత కూడా ఎవరు వస్తున్నారో మీకే అర్థమవుతుంది. దానికీ ఇబ్బందులున్నాయి. ఏ పిల్లలకి ఏది పడదో ముందే ఇళ్లలో అడిగి తెలుసుకోవాలి. చీమలు, ఎలుకల సంగతి చూసుకోవాలి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఖర్చు. అది మీ ఒక్కరి పర్సులోంచి అయితే ఎన్నాళ్లు సాగుతుంది? మీకు బదిలీ అయిందనుకోండి, ఆ మర్నాడు అర ఖాళీ. అందుకే మొదటి నెల మీరే పెట్టుకున్నా, రెండో నెలకల్లా తల్లిదండ్రుల సంఘమో, తోటి టీచర్లో చేయి వేసేలా చూడండి. ఇలా ఒక్కరే మోయడం వల్లే మీకు నిద్ర పట్టడం లేదని నా అనుమానం.

అర పెట్టడం కుదరకపోతే, పొద్దున బడి మొదలవడానికి అరగంట ముందు చదువుకునే గుంపు ఒకటి పెట్టి, వచ్చినవాళ్లందరికీ ఏదో ఒకటి తినడానికి ఇవ్వొచ్చు. పొద్దున పెడితే మీ పదకొండింటి కడుపునొప్పికి సరిగ్గా మందవుతుంది. కాకపోతే దూరం నుంచి వచ్చే పిల్లలకి, ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవాల్సిన పిల్లలకి ముందు రావడం కుదరదు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే తప్పిపోయే ప్రమాదం ఉంది.

శని ఆదివారాల కోసం పిల్లల బ్యాగులో సరుకులు పెట్టి పంపే పద్ధతి కొన్ని దేశాల్లో చాలాకాలంగా నడుస్తోంది. మీ సోమవారాల సమస్యకి అదే నేరుగా పనికొస్తుంది. కానీ అది తల్లికి తెలియకుండా చేసేది కాదు, ఆవిడ సరే అన్నాకే. సంచి చేతికివ్వడం కాకుండా, పిల్లలంతా ఆటకి వెళ్లినప్పుడు బ్యాగులో పెట్టేయాలి. తొమ్మిదేళ్ల పిల్లాడు మోయగలిగినంతే ఉండాలి.

ఫొటోల టీచర్ గారి సంగతి. ఆవిడ మనసు మంచిదే అయి ఉంటుంది, చందా ఇచ్చినవాళ్లకి లెక్క చూపించాలన్న ఆరాటం కూడా ఉండొచ్చు. లెక్క చూపించాలంటే కొన్న సరుకుల ఫొటో చాలు, పిల్లల మొహాలు ఎందుకు? అమెరికాలో భోజనం డబ్బులు బాకీపడ్డ పిల్లల చేతుల మీద ముద్ర వేసి ఇంటికి పంపిన బడులున్నాయి. దాని మీద పెద్ద గొడవై, 2017లో న్యూ మెక్సికో రాష్ట్రం ఇలా పిల్లల్ని అవమానించడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఫొటో కూడా ముద్రే. చేతి మీదిదైతే సాయంత్రానికి కడుక్కోవచ్చు. చందాల పని ఆవిడకే అప్పగించండి, అందులో ఆవిడకి చొరవ ఉన్నట్టుంది. పంపకం మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

హెడ్మాస్టర్ గారి మీద మీకు కోపంగా ఉంది, ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. ఆయన అన్న మాట కటువుగా ఉన్నా భయం నిజమైనదే. ఒకసారి మొదలుపెట్టి ఆపేస్తే బడికి మాట వస్తుంది, ఎవరికైనా తిన్నది పడకపోతే అడిగేది ఆయన్నే. కాబట్టి "పాపం సార్" అంటూ వెళ్లకండి. నోటుబుక్కులోంచి పేర్లు తీసేసి అంకెలు తీసుకెళ్లండి. ఈ నెలలో ఎన్ని కడుపునొప్పులు, ఎన్ని సోమవారపు గైర్హాజర్లు, మధ్యాహ్నం తినకుండా కూర్చున్నవాళ్లు రోజుకి ఎంతమంది. ‘రేపు పదిమంది వస్తారు’ అన్నారు కదా, ఆ పదిమందీ రేపు ఎక్కడి నుంచో రారు, ఇవాళే మీ బడిలో కూర్చుని ఉన్నారని ఆ అంకెలు చెబుతాయి. ఒక్క నెల, ఒక్క క్లాసు, ఖర్చు ఇంత అని అడగండి. ఒప్పుకోకపోతే? అప్పుడు అర కాకుండా మీ బల్ల మీద ఒక డబ్బా ఉంటుంది, అంతే తేడా. ఆయనకి తెలియకుండా చేయమని మాత్రం నేను చెప్పను. రేపు ఏదైనా తేడా వస్తే ముందు నలిగేది మీరు, ఆ తర్వాత ఆ పిల్లలు.

ఇక ఆ తల్లి. ఇల్లు గడవని చోట తిండి తగ్గించుకునే వరుస ఒకటుంటుంది. ముందు తల్లి తగ్గించుకుంటుంది, తర్వాత తండ్రి, పిల్లల దాకా రానివ్వకూడదని చివరి వరకూ చూస్తారు. పిల్లాడి డబ్బా ఖాళీగా వచ్చిందంటే ఆ ఇంట్లో పెద్దవాళ్లు అప్పటికే ఎన్ని పూటలు వదులుకుని ఉంటారో ఊహించండి. బహుశా ఆవిడ ఆ రోజు మీ ముందు నిలబడింది కూడా ఖాళీ కడుపుతోనే. డబ్బా ఖాళీగా వెళుతోందని ఆవిడకి తెలియకపోవడానికి కూడా అవకాశం ఉంది. ఇచ్చింది దారిలో తమ్ముడికో చెల్లికో పెట్టేసి, ఇంట్లో "తిన్నానమ్మా" అని చెప్పే పిల్లలుంటారు. ఇంటి పరిస్థితి పిల్లలకి తెలియదని మనం అనుకుంటాం. వాళ్లకి తెలుసు, పైగా తమ వంతు తాము తగ్గించుకుంటారు.

ఆవిడ దగ్గరకు వెళ్లాలా, వదిలేయాలా? వదిలేస్తే ఇద్దరికీ ఇంకో అవమానం తప్పుతుంది, కానీ ఆ బాబు మీకూ అమ్మకీ మధ్య నలుగుతూనే ఉంటాడు. నేనైతే వెళతాను. బడికి పిలిపించకుండా, ఆవిడకి వీలైన చోట, ఒంటరిగా కలుస్తాను. మొదటి మాట క్షమాపణే. "నలుగురిలో తెలిసేలా చేశాను, అది నా పొరపాటు అమ్మా" అంటే చాలు. "మీవాడు ఖాళీ డబ్బా తెస్తున్నాడు" అని అక్కడితో కలపకండి, అప్పుడది క్షమాపణ అవదు, ఫిర్యాదవుతుంది. ఆ రోజుకి అక్కడితో లేచి వచ్చేసినా నష్టం లేదు. ఆవిడే మాట కలిపితే మాత్రం వినండి. ఉద్యోగం పోయిందా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా, అప్పు తీరుస్తున్నారా అన్నవి ఆవిడ చెబితే వినాల్సినవి, మనం తవ్వాల్సినవి కాదు.

అడిగే పద్ధతి కూడా ఒకటుంది. 2010లో పిల్లల వైద్యుల కోసం రెండే రెండు ప్రశ్నలతో ఒక పద్ధతి తయారైంది. కొత్తగా డబ్బు చేతికి రాకముందే తిండి అయిపోతుందేమోనని గడిచిన ఏడాదిలో దిగులుపడ్డారా? కొన్నది చాలక, మళ్లీ కొనడానికి డబ్బు లేక ఇబ్బందిపడ్డారా? తరచుగా, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు అనేవే జవాబులు. మొదటి రెండు జవాబుల్లో ఏదొచ్చినా సాయం అవసరమైన ఇల్లని లెక్క. ఇళ్లలో తిండి కొరతను కొలిచే పద్దెనిమిది ప్రశ్నల పెద్ద పత్రంతో పోల్చి చూస్తే, ఇబ్బందిలో ఉన్న కుటుంబాల్లో 97 శాతాన్ని ఈ రెండు ప్రశ్నలే పట్టుకున్నాయి. ఇవి పెద్దవాళ్లని అడగాల్సినవి, పిల్లల్ని కాదు. ఒక్క తల్లినే పిలిచి అడిగితే అది మళ్లీ వేలు చూపించడమే. ఏడాది మొదట్లో అందరిళ్లకీ వెళ్లే కాగితంలో, పడని తిండి ఏమిటన్న ప్రశ్న పక్కనే ఇవీ కలిపేస్తే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ‘అవును’ అని వచ్చిన కాగితానికి మీ దగ్గర ఏదో ఒక జవాబు ఉండాలి సుమా, అడిగి ఊరుకోవడం అడగకపోవడం కంటే అన్యాయం.

ఆవిడ సాయం వద్దంటే? వద్దనే హక్కు ఆవిడకుంది. అప్పుడు కూడా క్లాసులో అర ఉంటుంది, అది ఆవిడ కొడుకు కోసం పెట్టింది కాదు కదా. సరే అంటే, తిండి సంచి కంటే ముందు ప్రభుత్వం నుంచి రావలసినవి అందుతున్నాయో లేదో చూడండి. చాలా ఇళ్లలో అవి ఆగేది అర్హత లేక కాదు, ఫారం నింపలేక, కాగితం ఒకటి తక్కువై. ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఫారం నింపి పెట్టడం ఆరు నెలల డబ్బాల కంటే ఎక్కువ పని చేయవచ్చు.

అధికారులకు చెప్పాలా అన్న ప్రశ్నకి, మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడే వద్దనిపిస్తోంది. లేక పెట్టకపోవడం వేరు, ఉండి పెట్టకపోవడం వేరు. డబ్బా కడిగి తుడిచి ఉందన్నారు, మాట పడిన వారంలోనే తల్లి బడికి పరుగెత్తుకొచ్చింది. పట్టించుకోని ఇల్లులా లేదది. లేమిని నిర్లక్ష్యమని రాసి పంపితే, విచారణ పేరుతో ఆ ఇంటికి ఇంకో భయం చేరుతుంది, రేపు బాబును బడి మాన్పించినా ఆశ్చర్యం లేదు. కానీ ఒంటి మీద దెబ్బలు కనిపించినా, ఇంటికి వెళ్లడానికి భయపడినా, తోడబుట్టినవాళ్లంతా తిని ఇతనొక్కడే పస్తుంటున్నా, తిండి మాన్పించడం ఇంట్లో శిక్షగా వాడుతున్నారని తెలిసినా, జబ్బు చేసినా చూపించకపోతున్నా, ఇక ఒక్క రోజు కూడా ఆగకండి. బడిలో పిల్లల రక్షణ బాధ్యత ఎవరిదో వాళ్లకి చెప్పండి, నోటుబుక్కు ఇవ్వండి. బాబు మీతో ఏదైనా చెప్పబోతే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. చెప్పాల్సి రావచ్చు.

మాయమైన డబ్బా గురించి. ఎవరు తీశారో మీకు తెలియదు, క్లాసు చూపులు సాక్ష్యం కాదు. బ్యాగులు వెతికించలేదని రాశారు, మంచి పని చేశారు. ఆ రోజు డబ్బా పోయిన పిల్లాడు కూడా పస్తున్నాడు, వాడికి ఏమైనా పెట్టారా? ఉత్తరంలో ఆ మాట లేదు. ఒకవేళ తీసింది ఈ బాబే అనుకుందాం. దాన్ని దొంగతనంగా లెక్కగట్టి నలుగురిలో ఒప్పించారంటే ‘టీచర్ డబ్బా’ కంటే పెద్ద పేరు జీవితాంతం అంటుకుంటుంది. అతను కాకపోతే, నిరపరాధిని దొంగను చేసినవాళ్లమవుతాం. రెండిట్లో ఏదైనా విచారణ వల్ల ఒరిగేదేం లేదు. "ఎవరి దగ్గరికైనా పొరపాటున వేరేవాళ్ల డబ్బా వచ్చి ఉంటే ఆ కిటికీ దగ్గర పెట్టేయండి" అని ఒకసారి అనండి, ఖాళీ డబ్బా వస్తే వస్తుంది. అర వచ్చాక కూడా డబ్బాలు పోతుంటే అప్పుడు వేరేగా ఆలోచిద్దాం.

బాబుతో ఏం మాట్లాడాలో మీరు అడగలేదు, కానీ మనసులో ఉందని తెలుసు. ఏమీ మాట్లాడకండి. ఆకలి గురించి, డబ్బా గురించి, అమ్మ గురించి ఒక్క మాట కూడా వద్దు. ఏదైనా ఒక పని అప్పగించండి, నోటుబుక్కులు పంచడమో, బోర్డు మీద తేదీ రాయడమో. పిల్లలు కొన్నాళ్లకి ఆ పాత పేరు మర్చిపోయి ఆ పనితో పిలుస్తారు. వాడు మొదటిసారి అర దగ్గరకు వెళ్లినప్పుడు మీరు తల ఎత్తకుండా దిద్దుబాటు చేసుకుంటూ ఉండండి.

అన్నట్టు, సుద్దముక్కలు తినే పాపను ‘వేరే సమస్యలు లేవు’ అన్న వాక్యంలో పెట్టేశారు. రేపటి నుంచి కోప్పడటం ఆపేయండి. సుద్ద, మట్టి, గోడ పెచ్చులు తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తక్కువైనప్పుడు కనిపిస్తుంది, బొద్దుగా ఉన్న పిల్లల్లో కూడా. వెలుతురులో నిలబెట్టి మాట్లాడుతూ కింది కనురెప్ప లోపలి వైపు, గోళ్లు పాలిపోయాయేమో చూడండి. పాలిపోకపోయినా సరే, రక్తపరీక్ష చేయించమని ఇంటికి కబురు పెట్టండి. బరువు చూసి "ఈ పిల్లకేం తక్కువ" అని వాళ్లు కొట్టిపారేయొచ్చు, అయినా ఇంకోసారి చెప్పండి. నోటుబుక్కులో రెండో పేజీ ఆ పాపకి వదలండి. సోమవారాలు ఎలా ఉంటుందో నాకు మళ్లీ రాయండి.